మంద దిగని చేను

రాళ్లమిట్టను ఊరు అనేవాళ్లూ ఉన్నారు, టౌను అనేవాళ్లూ ఉన్నారు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్లే బస్సులు అక్కడి కూడలిలో టీ కోసం ఆగుతాయి కాబట్టి టౌను. సాయంత్రం గొర్రెల మందలు రోడ్డు దాటేదాకా అవే బస్సులు ఆగాల్సిందే కాబట్టి ఊరు. ఇన్నాళ్లకు దానికి ఒక పోలీసు స్టేషనూ ఒక ఫైర్ స్టేషనూ వచ్చే వరస కనబడింది. రెండూ ఒకే భవనంలో. ముందు పోలీసులు, వెనక ఫైరింజను షెడ్డు, గేటు ఒకటే.

స్థలం ఇస్తానన్నవాడు రామనారాయణ. మూడు తరాలుగా ఆ ఊళ్లో ఏ పని జరిగినా, ఏ పని ఆగినా వాళ్లింటి మాట మీదే. భవనానికి తన తండ్రి పేరు పెట్టాలని ఆయన షరతు పెట్టాడు. ఇచ్చే చేనుకు వెనకే ఆయన ప్లాట్లు వేసి రాళ్లు పాతించిన సంగతి షరతుల్లో లేదు.

తీర్మానం చేయాల్సింది సర్పంచి నిరోష. గొర్రెలు కాసుకునే ఇంటి పిల్ల. సర్పంచి పదవి బీసీ మహిళకు రిజర్వు అయిన ఏడాది రామనారాయణే ఆమెను పిలిచి నిలబెట్టాడు. ఆయన చూపించిన చోట ఆమె సంతకం పెడుతుందని అందరూ అనుకున్నారు. చాలాసార్లు పెట్టింది కూడా. ఫైర్ స్టేషన్ సంగతి మాత్రం ఎవరూ చెప్పకుండా తనే పట్టుకుంది. తల్లి చెంచమ్మ పొయ్యి నిప్పు గుడిసెకు అంటుకుని చనిపోయిందనీ, కబురు పోయినా ఫైరింజను దూరాభారం వల్ల రాలేదనీ ఆమె చిన్నప్పటి నుంచి విన్నది. విన్నదే అర్జీలో రాసింది, కలెక్టరు ముందు చెప్పింది, పేపరు వాళ్లకు చెప్పింది.

ప్లాను చూపించిన రోజు ఆమె ఇంజనీరును ఒక్క ప్రశ్న అడిగింది. పోలీసులు పట్టుకున్న ఇసుక ట్రాక్టర్లు గేటు దగ్గర నిలబెడితే వెనకున్న ఫైరింజను బయటికి ఎట్టా వస్తుందని. "మేనేజ్ చేసుకుంటారు మేడం" అన్నాడు ఇంజనీరు. ఆమె తండ్రి పెంచలనరసయ్య వేరే మాట అన్నాడు. "నిప్పంటుకున్నోడు పోలీసోళ్ల గేటు తడతాడా పాపా?" ఆ మాటకు టీ కొట్టు దగ్గర అందరూ నవ్వారు. నిరోష కూడా నవ్వింది.

గ్రామసభకు ముందురోజు సాయంత్రం ఆమె పెద్దమ్మ దేవకమ్మ, చెంచమ్మకు అక్క, దారిలో ఆపి చెప్పింది: "రామనారాయణ ఇచ్చే చేలో మంద దిగదు. ఎందుకు దిగదో మీ నాయన్ని అడుగు."

తెల్లవారి నిరోష తండ్రిని వెతుక్కుంటూ పోయింది. ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. ఆ వారం ఆయన మంద నారాయణయ్య అనే రైతు చేలో ఉంది. దాని గట్టు అవతలిదే రామనారాయణ ఇచ్చిన చేను. గట్టు అవతల షామియానా వేస్తున్నారు. గట్టు ఇవతల వల కట్టిన దొడ్డిలోంచి గొర్రెలు తోటి కాపరి వెంట మేతకు బయల్దేరుతున్నాయి. పాలు మరవని పిల్లలు వెంట పోలేవు కాబట్టి వాటిని గంపల కింద బోర్లించి ఉంచారు. ఒక్కో గంప మీద ఒక్కో రాయి.

"సర్పంచమ్మే వచ్చిందే పొద్దున్నే" అన్నాడు పెంచలనరసయ్య. "ఏంది, గొర్రెలక్కూడా పింఛను ఇస్తుండారా?"

"నీతో మాట్లాడాల నాయనా."

"మాట్లాడు. ఇవి విన్నా ఊళ్లోకి పోయి చెప్పవులే."

"పక్క చేలో ఎప్పుడన్నా మంద పెట్టినావా?"

ఆయన ఒక గంప ఎత్తి, పిల్లను సరిచేసి, మళ్లీ కప్పాడు. "అది చౌడు చేను."

"గట్టుకి ఈ పక్క నల్లమట్టి, ఆ పక్క చౌడా?"

"ఈ పక్క ఏటా మంద దిగతాది. అందుకని నలుపు."

"అదే అడగతుండా. ఆ పక్క ఎందుకు దిగదు?"

ఎండాకాలం పైరు తీశాక రైతులు మందను పిలిపించి రాత్రుళ్లు చేలో పడుకోబెట్టుకుంటారు. పెంట పడ్డ చేను మరుసటేడు పండుతుంది. కాపరికి గింజలు ముడతాయి. రామనారాయణ పిలిస్తే రానని చెప్పే ధైర్యం ఆ చుట్టుపక్కల ఏ కాపరికీ లేదు. రానని ఎవరూ చెప్పలేదు కూడా. ఒక ఏడు జీవాలకు గాళ్ల రోగం వచ్చిందన్నారు. ఒక ఏడు నీళ్లు దూరమన్నారు. ఒక ఏడు అనంతసాగరం పక్క ముందే మాట ఇచ్చేశామన్నారు. ఆయన మిగతా చేలల్లో దిగారు. ఈ ఒక్క చేలో దిగలేదు. కొన్నేళ్లకు ఆయన పిలవడం మానేశాడు. ఇప్పుడు ఊరికి ఇచ్చేశాడు.

"దేవకమ్మ పెద్దమ్మ నిన్నడగమనింది" అంది నిరోష.

"అది నాతో పలికి ఎన్నేళ్లయిందో. నీతో పలికిందే, అంతవరకు సంతోషం."

"నాయనా. అమ్మ యాడ చచ్చిపోయింది?"

చెంచమ్మ పోయినప్పుడు నిరోష ఒకటో తరగతి. ఆ వెంటనే ఆమెను ఆత్మకూరు హాస్టల్లో వేశారు. కాలిన గుడిసెను చూసిన గుర్తు ఆమెకు లేదు. చూపించమని అడగాలని కూడా ఎన్నడూ తోచలేదు.

పెంచలనరసయ్య గడ్డంతో గట్టు అవతలికి చూపించాడు. "మైకు కడతుండారు చూడు. ఆ మూల."

నిరోష చూసింది. ఒక మనిషి నిచ్చెన ఎక్కి గుంజకు మైకు కడుతున్నాడు.

"ఆ ఏడు మన మంద ఆ చేలో ఉండాది. ఆ మూల దొడ్డి. అప్పుడు వలల్లేవు, కంప నరికి చుట్టూ పెట్టేది. నేను జీవాల్ని మేతకి తోలుకపోయినా. మీ అమ్మ గొర్రెపిల్లల కాడ ఉండాది. పొద్దున ఇంకో రెండు ఈనినాయి. రాత్రంతా నిద్దర లేదు దానికి. కంప నీడన పడుకునుంటాది."

"నిప్పు?"

"కందికట్టె కుప్పేసి ఆ చివర అంటించినారు. మంద పోయింది గదా, దొడ్డి ఖాళీ అనుకున్నారు. గంపల కింద పిల్లలుంటాయని రైతుకి యాడ గుర్తుంటాది? గాలి మళ్లింది. ఎండిన కంప."

మళ్లీ మొదలుపెట్టినప్పుడు గంపల వైపు చూస్తూ మాట్లాడాడు.

"అది లేచి బయటికొచ్చేసిందంట ముందు. మళ్లీ లోపలికి పోయింది. ఒక్కో గంపా ఎత్తి పిల్లల్ని బయటికి ఇసరేసింది. పిల్లలన్నీ బతికినాయి."

"అంటించింది ఎవురు?"

"చేనెవురిదో ఆయన."

"పొయ్యి అంటివే నాకు. గుడిసె అంటివే."

"నువ్వు ఒకటో తరగతి పాపా."

"ఇప్పుడు ఏ తరగతి? నేను కలెక్టరు ముందర నిలబడి పొయ్యి అని చెప్పినా. పేపర్లో ఏసినారు. నువ్వు చదివించుకున్నావు దాన్ని, టీ కొట్టు కాడ కూచోని."

పెంచలనరసయ్య తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

రోడ్డు మీద కారు ఆగింది. రామనారాయణ దిగి గట్టు వెంట నడిచి వచ్చాడు. పంచెకు దుమ్ము అంటకుండా ఎత్తి పట్టుకున్నాడు. ఆయన వయసూ పెంచలనరసయ్య వయసూ ఇంచుమించు ఒకటే. అయినా ఒకరు ఏరా అనడం, ఒకరు సామీ అనడం బడి నాటి నుంచి ఉంది.

"ఈడుండావా అమ్మా. ఆఫీసర్లు వచ్చేస్తుండారు. ఎస్సై బయల్దేరినాడంట. ఏరా నరసా, నీ కూతురు తీర్మానం చదవతాది, నువ్వు గట్టు మీద నిలబడి చూస్తావా? ఈరోజన్నా లోపలికి రారా. ఫొటోలో పడతావు."

"ఈణ్ణే ఉంటాలే సామీ."

"రామనారాయణ గారూ" అంది నిరోష. "మా అమ్మ ఈ చేలో కాలిపోయిందంట కదా."

రామనారాయణ ముందు నరసయ్య వైపు చూశాడు. తర్వాత పంచె కిందికి వదిలాడు.

"ఈ పొద్దే చెప్పాల్నా నీకు?" అన్నాడు నరసయ్యతో. నిరోషతో మాట్లాడినప్పుడు గొంతు తగ్గించాడు. "దాచిపెట్టాలని కాదమ్మా. ఊళ్లో పెద్దోళ్లందరికీ తెలిసిన సంగతే. నేనేమన్నా కావాలని పెట్టినానా? మంద తోలుకపోయినారని పెట్టినా. చెయ్యకూడని తప్పు కాదే అది. ఎవురన్నా చేస్తారు."

"తప్పని నేనన్నానా?"

"మరి?"

"పొయ్యి అని ఎందుకు చెప్పినారు?"

"పెద్దమనుషులు కూచున్నారు. రాజీ అయింది. రాజీ అయినాక ఏ మాట అనుకున్నారో ఆ మాట మీద నిలబడాల. ఊరి పద్ధతి అది. రాజీ కింద నా మందలోనించి జీవాల్ని తోలించినా. ఇప్పుడు మీ నాయన కాసేది వాటి సంతానమే గదా. అడుగు."

నిరోష గొర్రెల వైపు చూడలేదు. అవి అప్పటికే రోడ్డు దాటాయి.

"సరే. నిప్పు మీరు కావాలని పెట్టలేదు" అంది. "ఫైరింజను వచ్చుంటే మా అమ్మ బతికేదేమో. దగ్గర్లో లేకపోయె. అందుకే గదా నేను తిరిగింది ఇన్నాళ్లూ. ఆ ఒక్క మాటన్నా నిజమే గదా."

రామనారాయణ అక్కడ ఊరుకుని ఉంటే సరిపోయేది. తర్వాత ఆయనే అనుకుని ఉంటాడు. కానీ ఎవరైనా తన ముందు నిలబడి లెక్కగా మాట్లాడితే, తనకు తెలిసింది ఎక్కువని చూపించకుండా ఉండలేడు. రాజకీయంలో అది ఆయనకు చాలాసార్లు పనికొచ్చింది.

"బండి రాలేదని ఎవురన్నారమ్మా నీకు?"

పెంచలనరసయ్య, "సామీ" అన్నాడు.

"ఉండరా. తెలుసుకోనీ. చదువుకున్న పిల్ల." రామనారాయణ చెయ్యెత్తి రోడ్డు వైపు చూపించాడు. "బండి వచ్చిందమ్మా. ఆ కూడలి దాకా వచ్చింది. దేవకమ్మ ఎస్టీడీ బూతుకి పరిగెత్తి ఫోను చేయించింది. వాళ్లు బాగానే వచ్చినారు పాపం. గంట కొట్టుకుంటా వచ్చినారు."

"వచ్చి?"

"వచ్చి, తిరిగి పోయినారు. మంట ఆరిపోయింది, వట్టి కందికట్టె, ఎవురికీ ఏమీ కాలేదని చెప్తే పోక ఏం చేస్తారు?"

"ఎవురు చెప్పినారు?"

"నన్ను అడగతావేంది? మీ నాయన ఈడే ఉండాడు గదా."

షామియానా దగ్గర మైకు పలికింది. హలో, హలో, వన్ టూ త్రీ. గంప కింద పిల్ల ఒకటి అరిచింది. పెంచలనరసయ్య వంగి ఆ గంప మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు.

"నాయనా."

నిరోష ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

"నువ్వేనా?"

"వాణ్ణి ఏమనొద్దమ్మా" అన్నాడు రామనారాయణ. ఆ మాటలో దయ ఉన్నట్టే ఉంది. "బండి లోపలికి వస్తే రిపోర్టు రాస్తారు. రిపోర్టు పోతే ఎనకాలే పోలీసులు దిగతారు. అప్పుడు మీ నాయన మంద మేసేది యాడ? ఫారెస్టులో. పర్మిట్టు లేకుండా కొండ మీద. ముందు లోపలేసేది ఎవుర్ని? మీ నాయన్నే. మందంతా పట్టుకపోయేవాళ్లు. నేను ఉండే సంగతి చెప్పినా. తిప్పి పంపించింది వాడు. వాడి కాళ్లతో వాడే పోయినాడు కూడలికి."

"మీకప్పుడు ఏదన్నా ఎలక్షన్ ఉండాదా?"

"ఉండాది. సొసైటీ ఎలక్షన్. లేదంటానా? కేసయితే ఇద్దరికీ నష్టం. ఇద్దరి మంచీ చూసి చెప్పినా."

"ఆస్పత్రికన్నా తీసకపోయినారా?"

"నా కారులోనే ఎక్కించినా. ఊళ్లో అప్పుడు కారు ఎవురికుండాది, నాకు తప్ప?"

"కారెక్కించి యాడికి తీసకపోయినారు?"

ఈసారి రామనారాయణ వాచీ చూసుకున్నాడు. "ఆఫీసర్లు వచ్చేస్తారమ్మా. పా, నడువు."

"నాయనా, యాడికి తీసకపోయినారు?"

"మామిడితోటకి" అన్నాడు పెంచలనరసయ్య గంపతో చెప్పినట్టు. "మోటారు రూములో పెట్టినారు. పెద్దాస్పత్రికి పోతే కాలిన మనిషని పోలీసులకి చెప్తారంట. సూదులేసే ఆయన్ని తోటకే పిలిపించినారు. ఆణ్ణే పోయింది."

"బండి తిప్పి పంపించేటప్పటికి అమ్మకి తెలివి ఉండాదా?"

"అయిపోయినదాన్ని పట్టుకోని..." అన్నాడు రామనారాయణ.

"నీళ్లడిగింది" అన్నాడు పెంచలనరసయ్య.

రామనారాయణ గట్టు మీద ఒక అడుగు ముందుకు వేసి, నిరోషకు తగలకుండా, ఆమె పక్కగా నిలబడ్డాడు. పంచాయితీల్లో ఏడ్చేవాళ్ల పక్కన ఆయన అలాగే నిలబడతాడు. ఆమె ఏడవడం లేదు.

"చూడమ్మా. నేను మరిచిపోయినోణ్ణి కాదు. నిన్ను హాస్టల్లో ఎవురు ఏయించినారు? డిగ్రీ ఫీజు ఎవురు కట్టినారు? ఇంతమంది బీసీలుండగా నిన్నే సర్పంచిని ఎందుకు చేసినా? ఆ రోజు పెద్దమనుషుల ముందర మాటిచ్చినా, నీ బతుకు నేను చూస్తానని. రాజీలో నువ్వు కూడా ఉండావమ్మా."

నిరోష ఆయన ముఖంలోకి చూసింది. ఆయన నిజం చెబుతున్నాడని ఆమెకు అర్థమైంది. అబద్ధమైతే బాగుండేది.

"కావాలంటే ఒక పని చేద్దాం" అన్నాడాయన. ఆ ఆలోచన అప్పుడే వచ్చినట్టుంది, ఆయనకే నచ్చింది. "ముందర భవనానికి మా నాయన పేరు. ఎనక ఫైరింజను షెడ్డుకి మీ అమ్మ పేరు పెట్టిస్తా. బోర్డు ఖర్చు నాది. ఏరా నరసా, ఏమంటావు? చెంచమ్మ పేరు ఉంటాది ఊళ్లో ఎప్పటికీ."

నరసయ్య గంప మీది రాయి తీసి, మళ్లీ అదే గంప మీద పెట్టాడు.

"పోదాం పదండి" అంది నిరోష.

"మా తల్లే. నాకు తెలుసు నువ్వు తెలివైనదానివని."

ఆమె గట్టు దిగి ఆ చేలోకి నడిచింది. నిన్నటిదాకా ఆ చేను ఆమెకు సర్వే నంబరు. సర్వేయరు వెంట అదే నేల మీద రెండు మూడుసార్లు తిరిగింది, హద్దురాళ్ల మధ్య నిలబడి ఫొటో దిగింది. మైకు కట్టిన గుంజ దాటేటప్పుడు కింద చూడకూడదనుకుంది. చూసింది. కందిమోళ్లు, సిగరెట్ ముక్కలు, కొత్త వైరు.

సభకు జనం బాగానే వచ్చారు. కుర్చీల్లో రైతులు, ముందు వరసలో ఆఫీసర్లు, ఎస్సై సురేంద్రబాబు. బల్ల మీద ప్లాను పరిచి నాలుగు మూలలా నీళ్ల సీసాలు పెట్టారు. కాపర్లు కూడా వచ్చారు. కానీ షామియానా కిందికి రాలేదు. గట్టు మీద వరసగా, కర్రలు భుజాన వేసుకుని నిలబడ్డారు. వాళ్ల మధ్య దేవకమ్మ ఉంది. పెంచలనరసయ్య ఆమెకు కాస్త దూరంగా నిలబడ్డాడు. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోమని పంచాయతీ బిల్ కలెక్టరు రెండుసార్లు పిలిచాడు. "ఈడ బాగుండాది" అన్నారు.

ఎస్సై నిరోషతో అన్నాడు. "వాళ్లేంది మేడం, పోలీసు స్టేషనంటే ఇంకా కట్టకముందే భయపడతా ఉండారు?"

పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారు.

రామనారాయణ ముందు మాట్లాడాడు. ఆ చేను తన తాత సంపాదించిందని చెప్పాడు. మంటల్లో ఒక తల్లిని పోగొట్టుకున్న బిడ్డ పట్టుదలతోనే ఈ పని ఇంతదూరం వచ్చిందని చెప్పాడు. ఆ తల్లి పేరు కూడా ఈ ఆవరణలో నిలిచిపోయేట్టు చూస్తానని మాటిచ్చాడు. చప్పట్లు పడ్డాయి. గట్టు మీద నుంచి పడలేదు.

కార్యదర్శి తీర్మానం కాగితం నిరోష చేతికిచ్చాడు. ఆమె మైకు ముందుకు వచ్చింది. స్టాండు మీది మైకు అంత పొట్టి మనిషికి సరిపోయేట్టు లేదు. బిల్ కలెక్టరు వచ్చి వంచాడు.

"మా అమ్మ పొయ్యి నిప్పుకి చచ్చిపోయిందనీ, ఫైరింజను రాలేదనీ నేను చాలాచోట్ల చెప్పినాను" అంది. "రెండూ అబద్ధాలు. నాకు ఈ పొద్దే తెలిసింది. మీలో పెద్దోళ్లకి అప్పుడే తెలుసంట."

కుర్చీల్లో కదలిక వచ్చింది. కొందరు రామనారాయణ వైపు చూశారు. ఎక్కువమంది నేల వైపు చూశారు.

"అమ్మా, తీర్మానం చదువు" అన్నాడు రామనారాయణ, కుర్చీలోంచి లేవకుండా.

"చదవతా సార్. మన ఊరికి ఫైర్ స్టేషన్ కావాల. ఆ మాట మీద నేను ఇప్పటికీ ఉండా. కానీ దానికి ముందు ఒక పని ఉండాది." ఆమె ముందు వరస వైపు తిరిగింది. "ఎస్సై గారూ, నేనొక కంప్లయింటు ఇయ్యాల. కాలిపోయి, నీళ్లడగతా ఉన్న మనిషిని ఆస్పత్రికి తీసకపోకుండా, వచ్చిన ఫైరింజన్ని తిప్పి పంపించిన కేసు."

సురేంద్రబాబు టోపీ సరిచేసుకున్నాడు. రామనారాయణ వైపు చూసి, ఆయన ముఖంలో ఏ సంగతీ దొరక్క, మళ్లీ నిరోష వైపు చూశాడు.

"ఇక్కడ కాదు మేడం. అట్టాంటిది ఏమన్నా ఉంటే స్టేషనుకి రావాల. ఇది సభ."

"స్టేషను ఇక్కడే కడతామంటుండారు గదా సార్. మొదటి కేసు రాసుకోండి."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఎస్సై కుర్చీలో ముందుకు జరిగాడు. ఇంతమంది ముందు రాసుకోనని చెప్పడం ఎంత కష్టమో, రాసుకుంటే అంతకన్నా ఎంత కష్టమో ఆయన ఆలోచిస్తున్నట్టుంది. చివరికి జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం లేదు. ప్లాను అంచు మీద రాయడానికి సిద్ధమయ్యాడు.

"ఎవరి మీద మేడం?"

అందరూ ఒక పేరు కోసం చూస్తున్నారు. ఆ పేరు గల మనిషి రెండో కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తనూ దానికోసమే చూస్తున్నాడు.

"పెంచలనరసయ్య" అంది నిరోష. "మా నాయన."

ఎస్సై పెన్ను ఆగింది. రామనారాయణ చేతులు మోకాళ్ల మీద నుంచి తీసి కుర్చీ వెనక్కి వాలాడు. పక్కనున్న వాడి చెవిలో ఏదో అన్నాడు. వాడు తలూపాడు. నిరోష అది చూసింది. రెండో పేరుకు తన దగ్గర ఏం ఆధారం ఉందో ఆమె అప్పుడే ఆలోచించింది. సలహా చెప్పానన్నాడు ఆయన. సలహాకు సాక్షి ఒక్కడే. ఆ సాక్షి పేరునే ఆమె ఇప్పుడు ముద్దాయిగా చెప్పింది.

"ఒక్క పేరేనా మేడం?" అన్నాడు సురేంద్రబాబు. ఆయన గొంతులో భారం దిగినట్టు తెలిసింది.

అప్పుడు కుర్చీల్లో వాళ్లు ఒక్కొక్కరే తలలు గట్టు వైపు తిప్పారు. పెంచలనరసయ్య భుజం మీది కర్ర తీశాడు. దాన్ని గట్టు మీద పడుకోబెట్టాడు. దేవకమ్మ ఆయన వైపు చూసింది, ఇన్నేళ్లలో మొదటిసారి. ఆయన చెప్పులు విడిచి, గట్టు దిగి, ఆ చేలో అడుగుపెట్టాడు.

కందిమోళ్ల మధ్య తొందరపడకుండా నడిచి వచ్చాడు. షామియానా అంచు దగ్గర, ఎస్సైకి ఎదురుగా, ఎండలోనే ఆగాడు. మైకు ఆయనకు దూరంగా ఉంది. అయినా ఆ మాట ఆఖరి వరస దాకా వినబడింది.

"రెండో పేరు నేను చెప్తా. రాసుకోండి సామీ."